రేడియో పిన్నిగారు అడిగిన వారాలు

మీ ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ కుర్చీలెన్నో మీకు తెలుసు; కాని మీ కులమూ కాక, మీ పై అధికారీ కాక, రేపు మీకు ఏ పనికీ అక్కరకు రాని మనిషి ఒకరు అందులో కూర్చుని మీతోపాటు అన్నం తిన్నది చివరిసారి ఎప్పుడో చెప్పగలరా? తొందరేమీ లేదు. మీరంతా నా వయసువాళ్ళే కదా, జ్ఞాపకాలు తవ్వుకోవడానికి కాస్త సమయం పడుతుంది. మీరు తవ్వుకుంటూ ఉండండి, ఈలోగా నాది నేను చెబుతాను.

పోయిన నెల మా అపార్టుమెంటు సంఘంవాళ్ళు, దళితుల పిల్లల చదువు కోసమే ఒకప్పుడు పుట్టిన ఒక పాత కాలేజీ నుంచి కొందరు ఆడపిల్లల్ని పిలిపించి, స్టేజీ మీద తలుపంత అట్టచెక్కులు చేతికిచ్చి, ఫొటోలు తీయించి, విద్యాదానం గురించి మైకు వేడెక్కేదాకా మాట్లాడారు. ఆ తర్వాత మేమంతా మేడ మీదకి బఫేకి వెళ్ళాం. ఆ పిల్లల్ని మాత్రం కింద పార్కింగులో కార్ల మధ్య నిలబెట్టి పులిహోర పొట్లాలు చేతిలో పెట్టి, బస్సు టైమవుతోందని పంపేశారు. ఎవరూ దుర్మార్గులు కారు. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు, అంతే. నాకు మాత్రం ఆ పొట్లాలు చూడగానే, పాతికేళ్ళకు పైగా వినని ఒక గొంతు చెవిలో ఖంగుమంది: "నమస్కారమండీ, పిన్నిని మాట్లాడుతున్నాను!"

తొంభైల నడిమి రాజమండ్రి అది. నేను అప్పుడే ఎమ్మే పూర్తిచేసి, మా ఊరి రేడియో కేంద్రంలో క్యాజువల్ అనౌన్సరుగా కుదిరాను; అంటే పిలిచిన రోజు పరుగెత్తి, పిలవని రోజు ఫోను వంక చూస్తూ కూర్చునే ఉద్యోగం. మధ్యాహ్నం ఆడవాళ్ళ కార్యక్రమం నడిపే ఆవిడకి నన్ను సహాయంగా వేశారు. ఆవిడ అసలు పేరు డెల్టాలో ఎవరికీ అక్కర్లేకపోయింది, అందరికీ రేడియో పిన్నిగారే. కార్యక్రమం మొదలయ్యే వేళకి కోనసీమ లంకల దగ్గర్నుంచి పోలవరం గట్ల దాకా తిరగమోత చిటపటలు ఆగి, గరిటె పట్టుకున్న చెయ్యి గాలిలో నిలిచిపోయేదని మాకొచ్చే ఉత్తరాలు చెప్పేవి. మైకు ముందు కూర్చున్నప్పుడు వేలమంది వింటున్నారని అనుకోకు, వంటింట్లో ఒక్కత్తే ఉన్న ఒక్క మనిషితో మాట్లాడుతున్నాననుకో, అని నాకు నేర్పింది ఆవిడే. ఎదుటివాళ్ళు చెప్పిన మాట ఎవరైనా వింటారు, వాళ్ళు చెబుతూ చెబుతూ దాటేసిన చోటు వినడమే మన పని, అని కూడా ఆవిడే నేర్పింది. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, దీనితో పని పడుతుంది.

పిన్నిగారు లూథరన్ కుటుంబం మనిషి, పల్లెటూరి బడిపంతులు కూతురు. ఊళ్ళోని బళ్ళు దళితుల పిల్లల్ని గుమ్మం ఎక్కనివ్వని కాలంలో మిషను దొరలూ, నలుగురు సంస్కర్తలూ కలిసి ఎవరూ రానివ్వని పిల్లల కోసమే పెట్టిన కాలేజీలో ఆవిడ చదువుకుంది. అమెరికాలో నల్లవాళ్ళ కోసం ప్రత్యేకంగా పుట్టిన కాలేజీల గురించి నేను ఆ రోజుల్లో తెగ చదివి, సభల్లో బల్ల గుద్ది మాట్లాడేదాన్ని. ఒకరోజు అంతా ఓపిగ్గా విని, "అంత దూరం విమానం ఎక్కడం ఎందుకే అమ్మాయ్? కోటిపల్లి బస్టాండు దాకా రిక్షా ఎక్కు, మనదీ ఒకటుంది," అని నవ్వి నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. అప్పుడు తెలిసింది, సెలవు వచ్చిందంటే ఆవిడ ఉండేది ఆ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లోనేనని. పండగలకీ సభలకీ వ్యాఖ్యానం చెప్పి సంపాదించిన డబ్బుతో పుస్తకాలు కొనిపెట్టేది. అంతకన్నా ముఖ్యంగా, ఆ పిల్లలకి తలెత్తి మాట్లాడడం నేర్పేది. పల్లెలో పెద్దింటి అరుగు ముందు గొంతు తగ్గించడం అలవాటైన పిల్లల్ని హాలు చివర నిలబెట్టి, ఇవతల నుంచి "నాకు వినపడలేదు, మళ్ళీ చెప్పు," అనేది, చెప్పించేది, మళ్ళీ వినపడలేదనేది. చివరికి ఆ పిల్లకి కోపం వచ్చి అరిచేది. "ఆఁ, ఇదీ నీ గొంతు!" అని పిన్నిగారు చప్పట్లు కొట్టేది. నేను వ్యాసాల్లో రాసిన విప్లవం అక్కడ లంగా ఓణీలు వేసుకుని నిలబడి ఉంది!

ఆ హాస్టలు మెస్సు పిడికెడు బియ్యంతో నడిచేది. పల్లెల్లో చర్చికి వెళ్ళే కూలి కుటుంబాలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆ పిడికిళ్ళన్నీ కలిసి బస్తాలై కాలేజీకి చేరేవి. ఆ యేడు కార్తికంలో తుఫాను వచ్చింది. కొబ్బరిచెట్లు మొదలంటా కూలాయి, వరి నీళ్ళలో మురిగింది, కూలివాళ్ళ కుండల్లోనే బియ్యం లేనప్పుడు పిడికెడు ఎక్కడిది? సంక్రాంతి దాటగానే మెస్సు మూతపడింది. గదులున్నాయి, పుస్తకాలున్నాయి, అన్నం లేదు. పరీక్షలు ఇంకా మూడు నెలలు. ఇంటికి వెళ్తే మళ్ళీ రావడం కల్ల అని ఆ పిల్లలందరికీ తెలుసు. వాళ్ళలో ఫిజిక్సు చదివే ఆఖరి సంవత్సరం పిల్ల ఒకత్తి ఉంది. ఆ పిల్ల తల్లి రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు మోసేది. మెస్సు మూసిన మూడోనాడే తల్లి వచ్చి, అక్కడ గెలలు కడిగే పని ఖాళీ ఉంది, వచ్చెయ్యమంది. పిన్నిగారు ఆవిడ చేతులు పట్టుకుని ఒక్క ఆదివారం దాకా గడువు అడిగింది.

ఆ సాయంత్రమే ఆవిడకి ఆ ఆలోచన వచ్చింది: వారాలు! మా తరంవాళ్ళకి చెప్పక్కర్లేదు గాని, చిన్నవాళ్ళెవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. పల్లె నుంచి చదువుకు వచ్చిన పేద పిల్లవాడు సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట, ఇలా ఏడిళ్ళు కుదుర్చుకుని భోంచేసేవాడు. దాన్నే వారాలు చేసుకోవడం అనేవారు. పెట్టేవారూ బ్రాహ్మలే, తినేవారూ బ్రాహ్మలే. మా నాన్నగారు ఆ అన్నంతోనే చదివి తెలుగు పండితుడై రిటైరయ్యారు. ఇప్పుడు మా హాస్టలు పిల్లలకీ అదే పద్ధతి: ఒక్కొక్క పిల్లకి రోజుకి ఒక్క ఇల్లు, కాలేజీకి వెళ్ళేముందు ఒక్క పూట కడుపునిండా అన్నం. ఇంకో పూట అటుకులతో గడుపుకుంటారు. అంతే కావలసింది!

కేంద్రం పెద్దాయన జడుసుకున్నాడు. రేడియోలో విరాళాలు అడగకూడదు, ఏ సంస్థ పేరూ చెప్పకూడదు, నా ఉద్యోగం ఊడుతుందమ్మా అన్నాడు. "డబ్బు అడగనండి, పేరు చెప్పనండి," అంది పిన్నిగారు. మాట తప్పలేదు కూడా. మర్నాడు కార్యక్రమంలో కందిపచ్చడి చెప్పడం అయ్యాక, ఊళ్ళో చదువుకుంటున్న పేద విద్యార్థులు కొందరున్నారని, పరీక్షలదాకా వారానికొక్క రోజు ఒకరికి వారం ఇవ్వగలిగిన ఇల్లాలు ఉంటే ఉత్తరం రాయమని, మామూలుగా పక్కింటి ఆవిణ్ణి చింతపండు అడిగినట్టు అడిగింది. రెండు రోజులు తిరిగేసరికి కార్డులు బస్తాతో వచ్చాయి! మేమిద్దరం నేల మీద గుమ్మరించుకుని పిల్లల్లా నవ్వాం. ఆర్యాపురం, దానవాయిపేట, ఇన్నీసుపేట, వీధి వీధంతా గుమ్మాలు తీసి నిలబడినట్టే ఉంది. ఇక ఆ పిల్ల గెలలు కడగక్కర్లేదు, అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు చదవడం మొదలుపెట్టాం. "అబ్బాయిది ఏ శాఖ?" "గోత్రం తెలియజేయగలరు." "సంధ్యావందనం చేసే పిల్లవాడైతే మా అదృష్టం." కార్డు తర్వాత కార్డు ఇదే. వారాలు అనగానే, పిలక పెట్టుకున్న బ్రాహ్మణ కుర్రవాడు గుమ్మంలో నిలబడినట్టు అందరికీ కళ్ళకు కట్టింది! ఆకలికి కూడా గోత్రం ఉంటుందని మన ఊరు తప్ప ఏ ఊరు అనుకుంటుంది?

నాకు నిప్పులాంటి ఆలోచన వచ్చింది. చెప్పొద్దు పిన్నిగారూ, అన్నాను. పిల్లల్ని పంపిద్దాం, తిననిద్దాం, మూడు నెలల తర్వాత అందరినీ సభకు పిలిచి చెబుదాం, వాళ్ళ మొహాలు చూద్దాం! ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది.

"ఆ పిల్లల అన్నంతో నువ్వు డిబేట్ గెలుద్దామనుకుంటున్నావా?"

"అది కాదండీ..."

"అదే. దాక్కుని తిన్న అన్నం అరగదే. నువ్వు దేవుణ్ణి నమ్మవు, సరే, నీ ఇష్టం. ఆకలిని నమ్ముతావుగా? చెప్పులు తొడుక్కో, పద."

ఆ మూడు రోజులూ మేము తిరిగిన తిరుగుడు ఇప్పటికీ తలుచుకుంటే కాళ్ళు పీకుతాయి. నా లూనా బండి మీద వెనక పిన్నిగారు, ఒళ్ళో కార్డుల సంచి. గొంతు వినగానే వీధి వీధంతా మూగేది. కుర్చీలు, కాఫీలు, మా అమ్మాయిని రేడియోలో ఒకసారి పాడించండి అని బతిమాలడాలు. అన్నీ అయ్యాక ఆవిడ నెమ్మదిగా చెప్పేది, వచ్చేది ఆడపిల్లలని, ఫలానా కాలేజీవాళ్ళని, దళితులని. కుర్చీలు వెనక్కి జరిగేవి. ఒక ప్లీడరుగారు మర్యాదస్తుడు, లోపలికి వెళ్ళి పెద్ద నోట్లు తెచ్చి బల్ల మీద పెట్టి, వంటింటి వ్యవహారం ఆడవాళ్ళది కదండి, దీంతో హోటల్లో పెట్టించండి అన్నాడు. పిన్నిగారు నోట్లు ఆయన వైపే జరిపి, "ఇవి నమలడానికి గట్టిగా ఉంటాయండి," అని లేచింది. బయటికి వచ్చాక నేను పోట్లాడాను, డబ్బు తీసుకుంటే మెస్సే తెరిపించవచ్చు కదా అని. డబ్బు ఇచ్చినవాడు చెయ్యి కడుక్కుంటాడు, అన్నం పెట్టినవాడు పక్కన కూర్చుంటాడు, నాకు ఆ కూర్చోవడమే కావాలి అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు. మొన్న పార్కింగులో అర్థమైంది.

అన్ని గుమ్మాలూ మూసుకోలేదు, అదీ చెప్పాలి. రైల్వే గుమాస్తా భార్య ఒకావిడ, మా వెనక చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి, మావారు ఇంట్లో లేనప్పుడే అవునని చెప్పేస్తున్నాను, ఆయన వచ్చాక మాట తిప్పనండి అంది. ఇన్నీసుపేటలో శుక్లాలు ముదిరిన ఒక ముసలావిడ, "నాకు మొహాలే కనపడవు, కులం ఎక్కడ కనపడుతుందే తల్లీ? గట్టిగా మాట్లాడే పిల్లని పంపు, చెవుడు కూడాను," అంది. గట్టిగా మాట్లాడే పిల్లలకి మా దగ్గర కొదవా! ఇళ్ళు ఒక్కొక్కటీ కుదురుతున్నాయి. శనివారం సాయంత్రానికి అందరికీ సర్దుబాటయింది. ఆ ఫిజిక్సు పిల్లకి మాత్రం ఒక్క రోజు మిగిలిపోయింది, శుక్రవారం. ఆదివారం పొద్దున్నే తల్లి వస్తుంది. ఏడు రోజులూ కుదిరితేనే ఉంచుతానంది.

ఇక మిగిలింది మా ఇల్లు.

మా ఇంట్లో ఆ మాట అంతకు ముందే ఒకసారి వచ్చింది. నాన్నగారు పేపరు మడిచి, ఎంత ఇవ్వాలో చెప్పమ్మా, ఇస్తాను, ఇంట్లో అంటే మీ అమ్మ మడి ఒకటి ఉంది కదా అన్నారు. వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చింది: "నా మడి సంగతి నేను చూసుకుంటాను. మీ సంగతి మీరు చెప్పండి, నా కొంగు చాటునుంచి కాదు!" ఆయన మళ్ళీ పేపరు విప్పుకున్నారు. అంతటితో ఆగింది.

ఆ శనివారం పిన్నిగారు మా ఇంటికి వచ్చింది. నాన్నగారు ఎదురెళ్ళి తీసుకొచ్చారు, గొంతు మీద ఆయనకు అంత గౌరవం. ఆవిడ ఏమీ అడగలేదు. మాస్టారూ, మీరు వారాలు చేసుకుని చదువుకున్నారట, ఆ రోజులు కాస్త చెప్పండి అంది, మైకు ముందు ఎవరినైనా అడిగినట్టే. ఇక నాన్నగారిని ఆపేదెవరు! సోమవారం ప్లీడరుగారింట్లో ముద్దపప్పు, మంగళవారం వైద్యులుగారింట్లో మెంతిమజ్జిగ, బుధవారం ఒక విధవరాలు తన వాటా పెరుగు ఈయన ఆకులో వేసెయ్యడం, గురువారం ఇంట్లో పిల్లలకి ఈయన శ్లోకాలు చెప్పడం, శనివారం సత్రం, ఆదివారం గుళ్ళో ప్రసాదం. చిన్నప్పటినుంచి వందసార్లు విన్న కథ, నేను ముందే అందించగలను. పిన్నిగారు తల ఊపుతూ వింది. కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"శుక్రవారం ఉపవాసమాండి?"

నాన్నగారు నవ్వబోయి ఆగిపోయారు. వందసార్లు విని కూడా ఆ కథలో ఆరు రోజులే ఉన్నాయని నేనెప్పుడూ గమనించలేదు! అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన, మా ఎవరి వంకా చూడకుండా చెప్పారు. నాన్నగారి తండ్రి, మా తాతగారు, కోనసీమలో అపరకర్మలు చేయించేవారు, చావు ఇంటి బ్రాహ్మడు. శుక్రవారం లక్ష్మీదేవి రోజని, ఆయన కొడుకు నట్టింట్లోకి రావడం అశుభమని, ఆ వారం ఇచ్చిన ఇంట్లో ఈయనకి గొడ్లసావిట్లో ఆకు వేసేవారట. "వాళ్ళ అబ్బాయి నా క్లాసువాడేనండి. కిటికీలోంచి చూసేవాడు. నేను లేచాక ఆ చోట పసుపునీళ్ళు చల్లించేవారు. ఆ నీళ్ళ చెంబు నాచేతికే ఇచ్చేవారు." ఆయన ఆగారు. నేను ఎన్ని సభల్లో ఎంతమందిని వాదించి ఓడించానో లెక్కలేదు గాని, ఆ ఒక్క ఆగడం ముందు నా వాదనలన్నీ పొట్టులా ఎగిరిపోయాయి.

పిన్నిగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూసింది. మైకు దగ్గర కూడా ఆవిడ అంతే, ఎదుటివాళ్ళ మౌనాన్ని తన మాటతో నింపేది కాదు.

"శుక్రవారమే పంపించండి," అన్నారు నాన్నగారు.

ఆదివారం హాస్టలు గుమ్మంలో నేను ఏడు వారాలూ ఏడు గుమ్మాలూ చదువుతుంటే, ఆ తల్లి తల వంచుకుని వింది. నిజంగా కూర్చోబెట్టి పెడతారామ్మా అని ఒక్కటే అడిగింది. మా ఇంటికి పదమని నేను ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ రాలేదు, మార్కెట్టుకి లారీ వచ్చే వేళయిందని వెళ్ళిపోయింది. వెళ్తూ కూతురు జడ సరిచేసింది, అంతే.

మొదటి శుక్రవారం పొద్దున్నే మా ఇంట్లో పెళ్ళివారొస్తున్నంత హడావుడి. అమ్మ కూర మార్చి మార్చి చివరికి గుత్తివంకాయ చేసింది. పిల్ల వచ్చింది, కాళ్ళు కడుక్కుంది, వెళ్ళి వరండాలో గోడ వారన కూర్చుని సంచిలోంచి తన స్టీలు పళ్ళెం తీసి ముందు పెట్టుకుంది. మిగతా ఇళ్ళలో ఒకచోట ఎవరో పళ్ళెం తెచ్చుకోమన్నారట. అమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చి చూసింది.

"ఏంటమ్మా అది? మా ఇంట్లో పళ్ళేలు లేవని మీ పిన్నిగారు రేడియోలో గాని చెప్పిందా? లే, లోపలికి రా! చల్లారిపోతే గుత్తివంకాయ మొహం నేను చూడలేను."

లోపల నాన్నగారి పక్కన పీట వేసి ఉంది. అన్నం వడ్డించాక ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన మొదలెట్టేదాకా ఆగింది. ఆయనా ఆగారు. ఇద్దరూ ఆగి కూర్చున్నారు, అన్నం మీద ఆవిరి పోతోంది. చివరికి ఆయన, "నువ్వు మొదలుపెట్టమ్మా. వారాలవాళ్ళు చివర తినడం నేను చాలా చూశాను," అన్నారు. పిల్ల మొదటి ముద్ద పెట్టుకుంది, కారానికి దగ్గింది, అమ్మ నెయ్యి గిన్నె బోర్లించింది. పెరుగన్నం వేళకి ఆ పిల్ల పరీక్షలో రాబోయే పాఠం గురించి హాస్టలు హాల్లో అరిచినట్టే గట్టిగా చెబుతోంది, సైన్సు అంటే భయపడే నాన్నగారు కాంతి వక్రీభవనం గురించి ప్రశ్నలు వేస్తున్నారు! నేను పెరట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని ఒంటరిగా నవ్వుకున్నాను.

పిల్లలందరూ పరీక్షలు రాశారు. వేసవిలో దాళ్వా పంట, అదే రెండో కారు వరి, చేతికొచ్చాక పిడికెడు బియ్యం మళ్ళీ మొదలై మెస్సు తెరిచారు. అయినా కొన్ని ఇళ్ళలో వారాలు ఆగలేదు. అమ్మ ఐతే శుక్రవారం కూర ముందురోజే తరిగి పెట్టుకునేది. పిన్నిగారు రిటైరైన కొన్నేళ్ళకే పోయింది. శ్మశానంలో ఆ హాస్టలు పిల్లలు కీర్తనలు ఎంత గట్టిగా పాడారో! నమ్మకం లేని నేను కూడా, పదాలు రాకపోయినా, గొంతు కలిపాను. నాన్నగారూ లేరు. ఆ ఫిజిక్సు పిల్ల ఇప్పుడు కాకినాడలో లెక్చరరు. ఆవిడ ఇంటికి హాస్టలు పిల్ల ఒకత్తి వారానికి వస్తుంది, మంగళవారం. శుక్రవారం ఆవిడకి ప్రాక్టికల్సు ఉండి ఆలస్యమవుతుందట.

ఇప్పుడు మనందరి దగ్గరా ఆనాటికన్నా డబ్బుంది, మంచిదే. స్కాలర్‌షిప్పులున్నాయి, ఫోనులో వేలు తాకిస్తే ఎక్కడి పిల్లకైనా ఫీజు చేరిపోతుంది. కాని ఆ పిల్ల మన మొహం చూడదు, మనం ఆ పిల్ల గొంతు వినం, గుమ్మం గుమ్మంలాగే ఉంటుంది. ఆనాడు బీదతనంలో తెరిచిన తలుపుల్ని ఈ కలిగినతనంలో మనమే, ఎవరూ చెప్పకుండానే, దాతల పేర్లు చెక్కిన ఇత్తడి ఫలకాలు తగిలించి మూసేశాం. అప్పటి వాళ్ళు గోత్రం అడిగారని నేను మండిపడ్డాను; ఇప్పుడు అడగడానికి కూడా ఎవరూ ఎదురుపడరు.

ఇది చదివి, మంచి రోజులండీ అని నిట్టూర్చి పుస్తకం మూసేస్తే నాకు ఒప్పుదల కాదు. మీ ఊళ్ళోనూ ఒక హాస్టలు ఉంది, ఎక్కడుందో మీకు తెలుసు, దాని ముందు నుంచే రోజూ కూరగాయలకి వెళ్తున్నారు. రేపు పొద్దున్నే వెళ్ళండి. చెక్కు తీసుకెళ్ళకండి, కెమెరావాణ్ణి అసలే తీసుకెళ్ళకండి. వార్డెనుగారికి మీ వీధి చెప్పి, మీ వారం ఏదో చెప్పి రండి. ఇంటికి వచ్చి ఆ ఖాళీ కుర్చీ దుమ్ము దులపండి, ఆ పిల్ల మొదటి ముద్ద పెట్టుకునేదాకా మీ చెయ్యి మీ పళ్ళెంలో పెట్టకండి.